చెవి లేని తాళాలు

సముద్రం గడ్డకట్టే ఒడ్డున
ఒకప్పటి కాగితం మిల్లు.
మా నాన్న అందులోంచి గుజ్జు వాసనతో ఇంటికొచ్చేవాడు.
నేను ఏ వాసనా లేకుండా వస్తాను.

రాత్రి పదింటికి బూట్లకు నీలం తొడుగులు వేసుకుని
మూడో హాల్లోకి వెళ్తాను.
చచ్చిపోయిన డిస్కు పక్కన నారింజరంగు దీపం వెలుగుతుంటుంది.
లాగుతాను, కొత్తది తోస్తాను,
పాతదాన్ని మర నోట్లో వేస్తాను.
పటికబెల్లం నమిలిన చప్పుడు.
జనం దీన్ని మబ్బు అంటారు.
మబ్బును నేను స్క్రూడ్రైవర్‌తో విప్పుతాను.

మంగళవారాలు పగటి నిద్ర చెడగొట్టుకుని
సిర్కా లెహ్తోమా గదికి వెళ్తాను.
రెండు కుర్చీలు, రుమాళ్ల పెట్టె, ఓ ముసలి లాప్‌టాప్.
నాలుగు నెలలు వాతావరణం గురించే మాట్లాడాను.
ఐదో నెలలో అడిగాను:
"నేను చెప్పింది రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది?"

ఆమె నవ్వలేదు.
లాప్‌టాప్ నావైపు తిప్పి
నాలుగు వాక్యాలు కొట్టింది, తన కుక్క గురించి.
మీట నొక్కింది.
కుక్క పోయింది. తోక పోయింది, మొరుగు పోయింది.
తౌడులా రాలిన
అక్షరాలు కాని అక్షరాలు.

"ఇలా అయ్యాకే గడప దాటుతుంది.
దాచేవాళ్లూ తాళం వేస్తారు, కాదనను.
కానీ ఆ తాళానికి చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది.
కొట్టు అద్దెకిచ్చినవాడి జేబులో
నా పెట్టె తాళంచెవి ఎందుకు?"

పాచికలు వేసి ఏరుకుందట ఏడు మాటలు,
ఒకదానికొకటి చుట్టం కాని మాటలు.

"మర్చిపోతే?"

"నేనూ అందరిలాగే బయట నిలబడతాను.
కంపెనీవాడి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు.
తన దగ్గర లేనిదాన్ని ఎక్కణ్ణించి తెచ్చిస్తాడు?"

అంటూనే ఆమె వేళ్లు బల్ల అంచును ఓసారి తడుముకున్నాయి.
భయం అది.
భయపడే మనిషి కనకే నమ్మాను.

ఆ రోజు మా అన్న ఒలావి పేరెత్తాను.
ఏప్రిల్ నెల, పల్చబడ్డ మంచు, ఒక తాడు.
మిగతాది ఆమెకు చెప్పాను.
మీకు చెప్పను.

అక్టోబరులో కోర్టు కాగితం వచ్చింది,
ఎవరిదో ఖాతా కోసం.
"ఇచ్చేశాం," అన్నాడు మా షిఫ్టు పెద్ద యోర్మా, కాఫీ ఊదుకుంటూ.
"ఉన్నదంతా ఇచ్చేశాం. బస్తాలకొద్దీ ఊక."
"మరి బియ్యం?"
"బియ్యం మన గుమ్మం ఎప్పుడు తొక్కింది?"

ఆ ఖాతా మంచివాడిదో, మరొకడిదో.
తాళానికి ముఖాలు తెలీవు.
నాకు ఆ పగలు నిద్ర సగమే పట్టింది.

ఇవాళ నాలుగో వరసలో దీపం.
డిస్కు బయటికి తీస్తే
పెట్ట కింది గుడ్డులా వెచ్చగా ఉంది.
నా ఏప్రిల్ ఇందులో ఉందేమో.
ఓ ముక్కే ఉందేమో, తాడు ఒక చోట, మంచు మరో దేశంలో.
అసలేమీ లేదేమో, ఎవరివో పెళ్లి ఫోటోలేమో.
ఎవరూ చూడట్లేదు కదా అని
చెవి దగ్గర పెట్టుకున్నాను.
నాదీ చెవే.
ఈ తాళానిది కాదు.

మర నోట్లో వేశాను. పటికబెల్లం.

హాలు వేడి వృథా పోదు,
గొట్టాల్లో ఊరంతా తిరుగుతుంది.
తెల్లారి ఇంటికొచ్చి
తడిసిన మేజోళ్లు రేడియేటర్ మీద ఆరేశాను.
ఎవరెవరి గుట్టో కాగి కాగి
నా మడమల దాకా వచ్చింది,
ఒక్క ముక్క చెప్పకుండా.

ఇవాళ శనివారం.
మంగళవారానికి ఇంకా మూడు రోజులు.